పదకొండు బెజ్జాలు

దర్వాజలు చేసిన, తొట్టెలలు చేసిన.
నాగండ్లు చేసినన్ని దినాలు చేసి
ఊర్లెకు ట్రాక్టర్లొచ్చినంక మానుకున్న.
కాలు సాగదీసుకునే కుర్చీ మాత్రం
ఇన్నేండ్లల్ల ఎవ్వలూ అడగలే.

అండాలు తెచ్చిచ్చింది కాయితం.
మందుల చీటీ ఎనుక, పెన్నుతోటి
ఒక కుర్చీ, ఒక గీత, ఒక బాణం గుర్తు.
నల్లగొండ దవఖానల నుస్రత్ అనే పిల్ల గీసిందట,
మోకాళ్లకు కసరత్తు నేర్పే పిల్ల.
"కూసోవాలె. మడిమె ముందట ఆనాలె.
దినాం ఇంత, దినాం ఇంత, కాలు సాగాలె."
కొలతలు రాయలే.
కొలత మనిషి కాడనే ఉంటదని
ఆ పిల్లకు ఎరుకే.

బుచ్చిరాములు తాటిచెట్టు మీదికెళ్లి పడి ఏడు నెలలు.
తొడల రాడు ఏసిండ్రు, బొక్క అతికింది.
మోకాలే, కొడవలి లెక్క వంగి
ఆడనే నిలవడ్డది.
దారం పట్టి కొలుస్తుంటె
గోడ దిక్కు చూస్తున్నడు,
ఎవ్వని కాలో కొలుస్తున్నట్టు.

మొదటిది నా సోకుకు చేసిన.
వేపచెక్క, నున్నగ చిత్రిక పట్టి
చేతుల మీద పువ్వులు చెక్కిన.
కూసున్నడు.
మోకాలెనుక నరం కాడ పీట అంచు కోసింది.
"దొర కూసునే కుర్చీ చేసినవ్ బావా"
అని నవ్విండు గని
పండ్లు గట్టిగ పట్టుకోని నవ్విండు.

రెండోది ఎత్తెక్కువైంది.
మంచి కాలు నేల అందక గాలిల ఊగింది.
ఊగంగనే రెండు చేతులతోటి
నా భుజం దొరకబట్టుకున్నడు.
ముప్పై మూరల చెట్టు మీద
తెల్లారగట్ల పాటలు పాడినోడు
జానెడెత్తు కుర్చీ మీద.
నేనేమనలే.
రంపం తెచ్చి నాలుగు కాళ్లూ
బెత్తెడు బెత్తెడు కోసిన.
ఆ చప్పుడైనంత సేపు
ఇద్దరం మాట్లాడుకోలే.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
మూలమట్టం పెట్టి చేసుడే నేర్పిండు మా నాయన,
అంతా నిక్కంగ, అంతా నాలుగు మూలలకు.
వంకరున్న కాలుకు
మూలమట్టం ఏడ ఆనిస్త?

మూడోదానికి పీట పొట్టిగ పెట్టిన, సగం తొడ దాకనే.
అంచు గుండ్రంగ మలిపిన.
ముందటికి బండి నొగల లెక్క రెండు పట్టీలు.
నడుమ మడిమె ఆనే పలక,
పట్టీలకు వేలెడు వేలెడు దూరంల బెజ్జాలు,
ఒక ఇనుప చీల.
వంగినకాడికెళ్లి చక్కగయ్యేకాడికి లెక్కేస్తె
పదకొండు వచ్చినయ్.

"పాదానికి తువ్వాల ఏసి గుంజాలె" అన్నదట నుస్రత్.
తువ్వాల జారింది. చీర కొంగు సాగింది.
అండాలు మాట్లాడకుంట లోపలికి వోయి
కొయ్యకున్న మోకు తీసుకొచ్చింది.
పడ్డనాటి సంది దాన్ని ఎవ్వలూ ముట్టలే.
"అది వద్దు" అన్నడు.
ఆమె ఇనలే.
కూసోని, పాదం చుట్టు తిప్పి,
రెండు కొసలు ఆయన చేతులల్ల పెట్టింది.

చేతులకు ఎరుకైంది ముందుగాల.
తర్వాత నడుముకు.
చెట్టు మీద మోకుకు ఒరిగినట్టే
ఎనుకకు ఒరిగిండు, మెల్లగ, నమ్మకంగ,
కుర్చీ కిర్రుమన్నది.
మోకాలు వేలెడు కదిలింది.
"ఒర్నీ" అన్నడు, అంతే.
నేను చీల తీసి రెండో బెజ్జంల పెట్టిన.

ఇప్పుడు మాపటికి కల్లు వాడికెలోల్లు వస్తరు.
అప్పుడు ఎన్ని చెట్లు గీసినవని అడిగేటోల్లే
"ఇయ్యాల ఎన్నో బెజ్జం?" అంటున్నరు.
నాలుగు. నాలుగే. రెండు వారాల సంది నాలుగే.
ఐదుకు పెడ్తె అరుస్తడు,
అండాలును తిడ్తడు, నన్ను తిడ్తడు,
నల్లగొండ దాక ఇనొచ్చేటట్టు నుస్రత్‌ను తిడ్తడు.
తెల్లారి మళ్ల తనే కూసుంటడు.
పువ్వుల కుర్చీల అండాలు కూసోని
ఇరవై దాక లెక్కవెడ్తది,
పదిహేడు కాడ ఒకటి మరిచిపోయినట్టు చేసి
మళ్ల పదిహేడంటది.

నిన్న చీలకు నూనె పెట్టనీకి వోయిన.
పదకొండో బెజ్జంల
కందిరీగ మట్టి గూడు పెట్టింది.
ఉలి అంచుతోటి తీద్దామని వంగి
మళ్ల లేచిన.
ఉండనీ.
ఈయన ఆడికొచ్చేసరికి
అవి ఎగిరిపోతయ్.